అమ్మిన ఆయుధం మీద అజమాయిషీ ఎంతవరకు?

2022 జనవరిలో, ఉక్రెయిన్ మీద రష్యా దాడి ఇక తప్పదన్న టెన్షన్ పెరుగుతున్న రోజుల్లో, ఎస్తోనియా తన దగ్గరున్న కొన్ని పాత డీ-30 ఫిరంగుల్ని ఉక్రెయిన్‌కు ఇవ్వడానికి ముందుకొచ్చింది. 122 మిల్లీమీటర్ల ఈ ఫిరంగులు సోవియట్ కాలం నాటివి. మొదట తూర్పు జర్మనీలో ఉండేవి. రెండు జర్మనీలు ఒకటయ్యాక, మిగులు సామగ్రిలో భాగంగా 1990లలో ఫిన్లాండ్‌కు వెళ్ళాయి. అక్కణ్ణుంచి 2009లో ఎస్తోనియా చేతికొచ్చాయి. ఇప్పుడు వాటిని ఇంకొకరికి ఇవ్వాలంటే ఫిన్లాండ్ ఒప్పుకోవాలి, జర్మనీ కూడా ఒప్పుకోవాలి. ఆ ఫిరంగుల్ని జర్మనీ రూపొందించలేదు. రూపొందించిన సోవియట్ యూనియన్ అసలు ఉనికిలోనే లేదు. అయినా బెర్లిన్ సంతకం పడేదాకా అవి కదల్లేదు. ఆ సంతకం వారాల తరబడి నానింది. చివరికి యుద్ధం మొదలైన రెండు రోజులకు, ఫిబ్రవరి 26న పడింది.

ఏడాది తిరిగాక కథ మారింది. తూర్పు జర్మనీ నుంచి వారసత్వంగా వచ్చిన మిగ్-29 యుద్ధ విమానాల్ని జర్మనీ 2000ల మొదట్లో నామమాత్రపు ధరకు పోలాండ్‌కు ఇచ్చింది. వాటిలో కొన్నిటిని ఉక్రెయిన్‌కు పంపిస్తామని 2023 ఏప్రిల్‌లో పోలాండ్ అడిగితే, జర్మనీ అడిగిన రోజే సరేనంది. నిబంధన అదే, దాన్ని చదివే ప్రభుత్వమూ అదే. మారింది రాజకీయ వాతావరణం మాత్రమే.

మామూలు సరుకైతే డబ్బు ముట్టడంతోనే అమ్మినవాడి హక్కు తీరిపోతుంది. కొన్నవాడు వాడుకున్నా, మారుబేరానికి అమ్ముకున్నా అది అతని ఇష్టం. ఆయుధాల వ్యాపారంలో అలా కుదరదు. 'ఇది మా సైన్యం కోసమే, మీ అనుమతి లేకుండా ఎవరికీ అమ్మం, ఇవ్వం, అరువుకు కూడా పంపం' అని కొనే ప్రభుత్వం ముందే రాసివ్వాలి. ఎండ్ యూజర్ సర్టిఫికెట్ అంటే ఇదే. తరువాత ఎవరికైనా బదిలీ చెయ్యాలంటే మళ్ళీ మొదటి అమ్మకందారు దగ్గరికే రావాలి.

ఈ కాగితానికి ఎంత బలం ఉందన్న చర్చ ఎక్కడ మొదలైనా, కాసేపటికి ఫ్యాక్టరీ ఎవరిదన్న ప్రశ్న దగ్గరికి వస్తుంది. ప్రభుత్వ ఫ్యాక్టరీ అయితే ఆయుధాలు దారి తప్పవని, ప్రైవేటు కంపెనీ అయితే లాభం కోసం ఎవరికైనా అమ్మేస్తుందని ఒక వాదన. సర్కారు సంస్థల్లో అలసత్వం, రాజకీయం తప్ప ఏమీ ఉండవని, మార్కెట్లో పేరు పోతుందన్న భయమే ప్రైవేటువాళ్ళను అదుపులో పెడుతుందని ఇంకో వాదన. జరిగిన ఉదాహరణల్ని పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ నిలబడవు. ఫ్యాక్టరీ యజమాని ఎవరన్నదానికంటే రెండు విషయాలు ఎక్కువ తేలుస్తాయి: అనుమతి కాగితం మీద సంతకం ఎవరిది, అమ్ముడైన ఆయుధానికి తరువాత కూడా అమ్మినవాడితో పని పడుతుందా లేదా.

జాతీయం చేస్తే ఆగుతుందనుకున్నారు

ప్రైవేటు ఆయుధ వ్యాపారం మీద ద్వేషానికి పాత చరిత్రే ఉంది. 1880లలో నార్డెన్‌ఫెల్ట్ ఆయుధ కంపెనీ ఏజెంటుగా పనిచేసిన బాసిల్ జహరోఫ్ గ్రీసుకు ఒక జలాంతర్గామి అమ్మించాడు. ఆ తరువాత, గ్రీసు దగ్గర జలాంతర్గామి ఉందంటూ దాని శత్రువైన ఒట్టోమన్ టర్కీకి రెండు అమ్మించాడు. ఇలాంటి ఉదంతాలు, వాటి మీద మొదటి ప్రపంచ యుద్ధపు నెత్తురు కలిసి 'మృత్యు వ్యాపారులు' అన్న పేరును స్థిరపరిచాయి. నానాజాతి సమితి ఒడంబడికలోని 8వ అధికరణం, యుద్ధ సామగ్రిని ప్రైవేటు సంస్థలు తయారు చెయ్యడం తీవ్రమైన అభ్యంతరాలకు తావిస్తుందని నేరుగానే రాసింది. అమెరికా సెనేట్‌లో గెరాల్డ్ నై నాయకత్వంలోని కమిటీ 1934 నుంచి 1936 దాకా ఆయుధ కంపెనీల లాభాల మీద విచారణ జరిపింది. బ్రిటన్ ఒక రాయల్ కమిషన్ వేసి, చివరికి పూర్తి జాతీయీకరణ వద్దనుకుంది.

ఫ్రాన్స్ మాత్రం చేసి చూసింది. వామపక్షాల కూటమి పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం 1936 ఆగస్టులో చట్టం తెచ్చి, ఆయుధ కర్మాగారాలు కొన్నిటిని స్వాధీనం చేసుకుంది. పారిస్ శివారు ఇసీ-లె-మూలినోలోని రెనో ట్యాంకుల ఫ్యాక్టరీ అలా సర్కారుదైంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఏఎంఎక్స్-13, ఏఎంఎక్స్-30 ట్యాంకులకు పేరిచ్చిన కర్మాగారం అదే. ఆ ట్యాంకులు లాటిన్ అమెరికా నుంచి పశ్చిమాసియా దాకా ఎన్నో సైన్యాలకు అమ్ముడయ్యాయి. ఆయుధ వ్యాపారం నుంచి లాభాపేక్షను తీసేద్దామని స్వాధీనం చేసుకున్న ఫ్యాక్టరీలు, ఒక తరం గడిచేసరికి, ప్రపంచంలోని పెద్ద ఎగుమతిదారుల్లో ఒకరికి మూలస్తంభాలయ్యాయి.

ఇందులో కుట్ర వెతకక్కర్లేదు. ఒక మధ్యస్థాయి దేశపు సైన్యం కొనే ట్యాంకులు ఫ్యాక్టరీని నాలుగైదేళ్ళు నడిపిస్తాయి. ఆ తరువాత పదిహేనేళ్ళు పని ఉండదు. లైను ఆపేస్తే నిపుణులు చెల్లాచెదురవుతారు. మళ్ళీ మొదలుపెట్టాలంటే తడిసి మోపెడవుతుంది. కాబట్టి మధ్యలో విదేశీ ఆర్డర్లు కావాలి. యజమాని వాటాదారులైనా, ఆర్థిక శాఖ అయినా ఈ లెక్క మారదు. ప్రభుత్వం యజమాని అయినప్పుడు అదనంగా కార్మికుల ఉద్యోగాలు, ఆ నియోజకవర్గం ఓట్లు కూడా లెక్కలోకి వస్తాయి.

ఎవరు సర్కారు, ఎవరు ప్రైవేటు

ఇప్పుడు ఎక్కడ చూసినా కలగాపులగమే. రష్యాలో 2007లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ రోస్టెక్ కింద వందల సంస్థలు ఉన్నాయి. పూర్తిగా తయారైన ఆయుధాల ఎగుమతి ప్రభుత్వ ఎగుమతి సంస్థ రోసోబొరోన్‌ఎక్స్‌పోర్ట్ గుత్తాధిపత్యంలో సాగుతుంది. చైనాలో నోరిన్‌కో, ఏవిక్ లాంటి పెద్ద ఆయుధ సంస్థలన్నీ ప్రభుత్వానివే. భారత్‌లో 41 ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల బోర్డును 2021 అక్టోబరు 1న రద్దు చేసి ఏడు కంపెనీలుగా మార్చారు. పేరు కంపెనీయే అయినా వాటా మొత్తం కేంద్రానిదే. ఇజ్రాయెల్‌లో విమానాల సంస్థ ఐఏఐ, క్షిపణుల సంస్థ రఫాయెల్ సర్కారువి, ఎల్బిట్ ప్రైవేటుది. నార్వే ఆయుధ కంపెనీ కాంగ్స్‌బర్గ్‌లో ప్రభుత్వ వాటా సగానికి పిసరంత ఎక్కువ. ఇటలీ కంపెనీ లియొనార్డోలో దాదాపు 30 శాతం. బ్రిటన్ తన రాయల్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల్ని 1987లో 19 కోట్ల పౌండ్లకు బ్రిటిష్ ఏరోస్పేస్‌కు అమ్మేసింది. కానీ ఆ కంపెనీ విదేశీయుల చేతిలోకి పోకుండా ప్రత్యేక వాటా ఒకటి అట్టిపెట్టుకుంది.

ప్రైవేటుకు పెట్టింది పేరు అనుకునే అమెరికాలోనూ లెక్క అంత సూటిగా లేదు. మిస్సోరి రాష్ట్రంలోని లేక్ సిటీ తూటాల ఫ్యాక్టరీ, పెన్సిల్వేనియాలో 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్ల డొల్లలు తయారు చేసే స్క్రాంటన్ ప్లాంటు ప్రభుత్వ ఆస్తులు. నడిపేవాళ్ళు మాత్రం ప్రైవేటు కాంట్రాక్టర్లు. సైన్యం అవసరాలు తీరాక మిగిలే సామర్థ్యంతో తూటాలు చేసి పౌర మార్కెట్లో అమ్ముకునే వీలు కూడా లేక్ సిటీని నడిపే కంపెనీకి ఉంది. అంటే ప్రభుత్వం కట్టిన ఫ్యాక్టరీలో తయారైన తూటా మామూలు తుపాకుల దుకాణంలోనూ దొరుకుతుంది. దీన్ని సర్కారు పరిశ్రమ అనాలా, ప్రైవేటు అనాలా?

ప్రైవేటు అన్నంత మాత్రాన స్వేచ్ఛ ఉంటుందనుకుంటే జపాన్‌ను చూడాలి. మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ స్టాక్ మార్కెట్లో వాటాలు అమ్ముడయ్యే మామూలు కంపెనీ. ట్యాంకులు, యుద్ధ విమానాలు, క్షిపణులు చేస్తుంది. కానీ 1967లో మొదలై 1976లో బిగిసిన ప్రభుత్వ విధానం వల్ల దశాబ్దాల పాటు ఆయుధాల ఎగుమతి దాదాపు సున్నా. లాభాపేక్ష ఉన్నా, సామర్థ్యం ఉన్నా, దస్త్రం మీద సంతకం పెట్టేవాడు లేకపోతే ఏ కంపెనీ ఏమీ చెయ్యలేదు.

అమ్మేది, ఆపేది ఒకే చెయ్యి అయితే

ప్రభుత్వ యాజమాన్యంలో ఒక ఇబ్బంది పైకి కనిపించదు. ప్రైవేటు కంపెనీ ఎగుమతికి దరఖాస్తు పెట్టుకుంటే, దాన్ని పరిశీలించే శాఖకు కనీసం 'కాదు' అనే దూరం ఉంటుంది. అమ్మే సంస్థ, అనుమతిచ్చే శాఖ ఒకే మంత్రివర్గం కింద ఉన్నప్పుడు, తన ఆర్డర్ తనే కొట్టేసుకోవాలి. అది జరగదని కాదు, అరుదు.

ఇంకో చిక్కు అప్పు రూపంలో వస్తుంది. 1970లలో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఇంటర్నేషనల్ మిలిటరీ సర్వీసెస్, ఇరాన్ షాకు 1,500కు పైగా చీఫ్‌టెన్ ట్యాంకులు, ఇతర వాహనాలు అమ్మడానికి ఒప్పుకుని డబ్బు ముందే తీసుకుంది. 1979లో విప్లవం వచ్చేసరికి కొద్దిపాటి సరఫరా మాత్రమే జరిగింది. మిగతావి ఆగిపోయాయి. ఇరాన్ కోసం రూపొందించిన ఒక రకం పేరు మార్చుకుని జోర్డాన్ సైన్యంలో చేరింది. ఇంకో రకం మెరుగులు దిద్దుకుని బ్రిటన్ సొంత ఛాలెంజర్ ట్యాంకు అయింది. ఇరాన్ డబ్బు మాత్రం కోర్టుల్లో నలుగుతూనే ఉండిపోయింది. 2022 మార్చిలో బ్రిటన్ దాదాపు 39 కోట్ల 40 లక్షల పౌండ్లు చెల్లించి లెక్క తేల్చింది. ఇరాన్‌లో నిర్బంధంలో ఉన్న ఇద్దరు ద్వంద్వ పౌరులు ఇంటికి బయల్దేరింది అదే రోజు. ప్రైవేటు కంపెనీ బాకీ పడితే అది దివాలా కోర్టు గొడవ. ప్రభుత్వ సంస్థ బాకీ పడితే రెండు దేశాల మధ్య నాలుగు దశాబ్దాల తగాదా.

ఇక సర్కారు ఫ్యాక్టరీ సరుకు దారి తప్పదన్న నమ్మకం. స్విట్జర్లాండ్‌లో రువాగ్ పూర్తిగా ప్రభుత్వ సంస్థ. ఆ సంస్థ తయారు చేసిన చేతి గ్రెనేడ్లు 2 లక్షలకు పైగా 2003-04లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు వెళ్ళాయి. ఇంకెవరికీ ఇవ్వబోమని ఎమిరేట్స్ రాసిచ్చింది. 2012లో సిరియా అంతర్యుద్ధపు ఫొటో ఒకదాంట్లో స్విస్ గ్రెనేడ్ కనిపించింది. విచారణ జరిపితే తేలిందేమిటంటే, ఎమిరేట్స్ వాటిలో కొన్నిటిని 2004లో జోర్డాన్‌కు ఇచ్చేసింది, అక్కణ్ణుంచి సిరియాకు చేరాయి. రాజకీయ పద్ధతులకు, కాగితాల శుభ్రతకు పేరుపడ్డ దేశం, ప్రభుత్వమే యజమాని అయిన ఫ్యాక్టరీ, లిఖితపూర్వక హామీ. మూడూ ఉండి కూడా సంగతి బయటపడింది ఒక విలేకరి ఫొటో వల్ల.

ప్రైవేటు కంపెనీల రికార్డూ గొప్పగా ఏం లేదు. 1980లలో స్వీడన్ బోఫోర్స్ తన రోబోట్ 70 విమాన విధ్వంసక క్షిపణుల్ని సింగపూర్ పేరు మీద కాగితాలు రాయించి దుబాయ్‌కి, బహ్రెయిన్‌కి పంపింది. ఆ కేసులో కంపెనీ అధికారులకు 1989లో శిక్ష పడింది. భారత పాఠకులకు బోఫోర్స్ అంటే ఫిరంగులు, ముడుపులే గుర్తొస్తాయి గానీ, స్వీడన్‌లో ముందు పొక్కింది ఈ క్షిపణుల బాగోతమే. జర్మనీ తుపాకుల కంపెనీ హెక్లర్ అండ్ కోఖ్ కథ ఇంకా దగ్గరిది. 2006-09 మధ్య ఆ కంపెనీ మెక్సికోకు జీ-36 రైఫిళ్ళు పంపింది. మానవ హక్కుల పరిస్థితి బాగా లేని గెరెరో లాంటి రాష్ట్రాలకు అవి వెళ్ళకూడదన్నది జర్మనీ వైఖరి. వేల రైఫిళ్ళు అక్కడికే వెళ్ళాయి. 2014లో గెరెరోలోని ఇగ్వాలాలో 43 మంది విద్యార్థులు మాయమైన రాత్రి, స్థానిక పోలీసుల చేతుల్లో ఆ తుపాకులూ ఉన్నాయి. స్టుట్‌గార్ట్ కోర్టు 2019లో కంపెనీకి 37 లక్షల యూరోల జరిమానా వేసింది, ఇద్దరు మాజీ ఉద్యోగులకు శిక్ష వేసి అమలు నిలిపింది.

ఈ కేసుల్లో ఒక తేడా మాత్రం గమనించాలి. కంపెనీ ప్రైవేటుది కాబట్టే దాన్ని కోర్టుకు లాగగలిగారు. ప్రభుత్వ యంత్రాంగమే దారి మళ్ళిస్తే కేసు ఎవరు పెడతారు? దేశ భద్రత పేరుతో ఆ ఫైలు మూతపడుతుంది. ప్రైవేటు యాజమాన్యం వైపు చెప్పుకోదగ్గ గట్టి వాదన ఏదైనా ఉంటే ఇదొక్కటే.

విడిభాగాల ముడి

మరి ఆంక్షలు ఎక్కడ నిలబడతాయి? యుద్ధ విమానాల విషయంలో చాలావరకు నిలబడతాయి. వాటికి విడిభాగాలు, సాఫ్ట్‌వేర్, క్షిపణులు, ఇంజన్ల ఓవర్‌హాల్ ఏటా అవసరం. అమ్మినవాడితో చెడితే కొన్నేళ్ళలో సగం విమానాలు హ్యాంగర్‌లోనే ఉండిపోతాయి. 2023లో డెన్మార్క్, నెదర్లాండ్స్ తమ ఎఫ్-16లను ఉక్రెయిన్‌కు ఇవ్వడానికి అమెరికా అనుమతి కోసం ఓపిగ్గా ఎదురు చూసింది చట్టానికి భయపడి మాత్రమే కాదు. తరువాతి తరం విమానాలు కూడా అమెరికా దగ్గరే కొంటున్నాయి.

ఈ పట్టు ఇంజన్ ద్వారా మూడో దేశం దాకా పాకుతుంది. 1977లో ఇజ్రాయెల్ తన కఫీర్ విమానాలు 24ను ఈక్వడార్‌కు అమ్మబోతే అమెరికా ఆపేసింది, ఎందుకంటే లోపల ఉన్నది జనరల్ ఎలక్ట్రిక్ వారి జే-79 ఇంజన్. మరుసటి ఏడాది భారత వాయుసేన కోసం స్వీడన్ విగ్గెన్ విమానం పోటీలో ఉన్నప్పుడు కూడా అదే జరిగింది. ఆ విమానం ఇంజన్‌కు మూలం అమెరికా కంపెనీ ప్రాట్ అండ్ విట్నీ డిజైన్. అమెరికా కుదరదనడంతో విగ్గెన్ పక్కకు తప్పుకుంది, భారత్ జాగ్వార్ కొంది. పాకిస్తాన్‌కు 30 టీ-129 హెలికాప్టర్లు అమ్మడానికి టర్కీ 2018లో సంతకం చేసింది. ఇంజన్‌కు అమెరికా లైసెన్స్ రాక ఆ బేరం ఏళ్ళ తరబడి సాగి చచ్చిపోయింది. ఈజిప్టుకు అదనపు రఫేల్ విమానాలు అమ్మేటప్పుడు ఫ్రాన్స్‌కూ ఇదే దెబ్బ తగిలింది. ఆ విమానాలు మోసే స్కాల్ప్ క్షిపణిలో ఒక అమెరికా భాగం ఉంది. అప్పట్నుంచీ అమెరికా భాగాలు లేని ఆయుధం అన్నది ఐరోపా కంపెనీల ప్రచారంలో ఒక అమ్మకపు పాయింటుగా మారింది.

ఐరోపాలోనే ఒకరితో ఒకరికి ఇదే తంటా. యూరోఫైటర్ విమానాన్ని బ్రిటన్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్ కలిసి చేస్తాయి. 2018లో సౌదీ జర్నలిస్టు జమాల్ ఖషోగీ హత్య తరువాత జర్మనీ సౌదీ అరేబియాకు ఎగుమతులు ఆపింది. దాంతో బ్రిటన్ అమ్మదల్చుకున్న 48 విమానాలు 2024 జనవరిలో బెర్లిన్ మెత్తబడేదాకా ఇరుక్కుపోయాయి. ఈ బాధ పడలేకే ఫ్రాన్స్, జర్మనీ 2019లో ఒక ఒప్పందం చేసుకున్నాయి: ఒక దేశం ఆయుధంలో రెండో దేశం భాగాల విలువ 20 శాతం దాటకపోతే, సాధారణంగా అడ్డుచెప్పకూడదు. భారత్-రష్యా ఉమ్మడి క్షిపణి బ్రహ్మోస్‌ను ఫిలిప్పీన్స్‌కు అమ్మిన 2022 నాటి ఒప్పందం వెనకా ఇద్దరి సమ్మతి అవసరమే. రెండు ప్రభుత్వాలూ వాటాదారులే కాబట్టి అక్కడ ఆ సంగతి లోపల్లోపలే తేలిపోతుంది.

రైఫిల్, గ్రెనేడ్, ఫిరంగి గుండు దగ్గరికి వచ్చేసరికి ఈ పట్టు జారిపోతుంది. కలాష్నికోవ్ తుపాకీకి తయారీదారుతో మళ్ళీ పని పడదు. నూనె, తూటాలు ఉంటే నలభై ఏళ్ళు పేలుతుంది. సోవియట్ యూనియన్‌లో ప్రతి బోల్టూ ప్రభుత్వానిదే, అయినా మిత్రదేశాలకు ఇచ్చిన లైసెన్సుల ద్వారా పుట్టిన ఆ తుపాకీ నకళ్ళను ఆ తరువాత రష్యా ఆపలేకపోయింది. తూర్పు ఐరోపా ఫ్యాక్టరీలు అనుమతి లేకుండా చేస్తున్నాయని 2019లో రోస్టెక్ ఫిర్యాదు చేసింది కూడా. యుద్ధ విమానాల విషయంలో సైతం సంబంధం పూర్తిగా తెగిపోతే అమ్మినవాడికి మిగిలేది ఏమీ ఉండదు. 1970ల మధ్యలో మాస్కోతో చెడ్డాక ఈజిప్టు తన మిగ్-23లలో కొన్నిటిని అమెరికాకు, కొన్నిటిని చైనాకు అప్పజెప్పింది. తన సరికొత్త విమానాన్ని ప్రత్యర్థులు విప్పి చూస్తుంటే మాస్కో చేసేదేమీ లేకపోయింది.

దీనికి అటు చివర ఉన్న ఉదాహరణ ఇరాన్ దగ్గరున్న అమెరికా ఎఫ్-14 యుద్ధ విమానాలు. విప్లవానికి ముందు అమెరికా 79 విమానాలు పంపింది. ఆ తరువాత విడిభాగాల అమ్మకం ఆపేసింది. ఆ విమానాన్ని అమెరికాయే 2006లో వాడకం నుంచి తీసేసింది. దాంతో ప్రపంచంలో దాని విడిభాగాలు కావాల్సిన సైన్యం ఇరాన్ ఒక్కటే మిగిలింది. అంతలో బయటపడిందేమిటంటే, సున్నితమైన మిగులు సామాన్లను పెంటగాన్ తన వేలాల ద్వారానే బయటకు వదిలేస్తోంది, వాటిలో కొన్ని దళారుల చేతుల మీదుగా ఇరాన్ వైపు వెళ్తున్నాయి. 2007లో అమెరికా ఎఫ్-14ల విడిభాగాల అమ్మకం ఆపి, పక్కన పెట్టిన విమానాల్ని పెద్ద యంత్రాలతో ముక్కలు చేయించింది. అమ్మకం మీద ఆంక్ష పెట్టిందీ ప్రభుత్వమే, కన్నం పడిందీ ప్రభుత్వ గోదాములోనే. ప్రైవేటు తయారీదారు గ్రమ్మన్‌కు ఇందులో పాత్రే లేదు.

తనిఖీ చేసేదెవరు

కాగితం రాయించుకోవడం వరకు అందరూ చేస్తారు. సరుకు అందాక వెళ్ళి చూసేవాళ్ళు తక్కువ. అమెరికాకు రెండు పథకాలున్నాయి. ప్రభుత్వం ప్రభుత్వానికి నేరుగా అమ్మినవాటికి గోల్డెన్ సెంట్రీ, కంపెనీలు లైసెన్సు తీసుకుని అమ్మినవాటికి బ్లూ లాంటర్న్. జర్మనీ 2015లో అక్కడికే వెళ్ళి చూసే పద్ధతి మొదలుపెట్టింది. చిన్న ఆయుధాలు కొనేవాళ్ళు పాతవాటిని ధ్వంసం చెయ్యాలన్న నియమమూ తెచ్చింది. గ్రెనేడ్ల పరాభవం తరువాత స్విట్జర్లాండ్ కూడా తనిఖీ హక్కును ఒప్పందాల్లో చేర్చింది.

తనిఖీకి ఆసరా సీరియల్ నంబర్లు, కాంట్రాక్టు నంబర్లు. 2019 జూన్‌లో లిబియాలోని గర్యాన్ పట్టణంలో, తూర్పు లిబియా సేనాని ఖలీఫా హఫ్తర్ సేనలు వదిలిపోయిన స్థావరంలో అమెరికా తయారీ జావెలిన్ ట్యాంకు విధ్వంసక క్షిపణులు నాలుగు దొరికాయి. పెట్టెల మీది గుర్తుల్ని బట్టి అమెరికా ఆరా తీసింది. వారాల్లోనే ఫ్రాన్స్ అవి తమవేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. పాడైపోయాయని, నాశనం చెయ్యడానికి పక్కన పెట్టామని సంజాయిషీ చెప్పుకుంది. జావెలిన్ ఖరీదైన వస్తువు, ఒక్కో క్షిపణికీ లెక్క ఉంటుంది, కాబట్టి దొరికింది. 2017లో, ఆయుధాల జాడ తీసే కాన్‌ఫ్లిక్ట్ ఆర్మమెంట్ రీసెర్చ్ సంస్థ ఇస్లామిక్ స్టేట్ ఆయుధాల మీద ఇచ్చిన నివేదికలో ఇంకో రకం ఉదాహరణ ఉంది. ఐరోపా సమాఖ్య దేశంలో తయారైన ఒక ట్యాంకు విధ్వంసక క్షిపణి అమెరికాకు అమ్ముడైంది. సిరియా తిరుగుబాటుదారుల మీదుగా ఇరాక్‌లో ఇస్లామిక్ స్టేట్ చేతికి చేరింది. ఫ్యాక్టరీ గేటు దాటాక ఇదంతా జరగడానికి రెండు నెలలు పట్టింది. మళ్ళీ అమ్మబోమని రాసిచ్చిన దేశం ఇక్కడ అమెరికాయే.

అంతర్జాతీయ చట్టం వైపు నుంచి పెద్ద ఆసరా లేదు. 2014 డిసెంబరు 24న అమల్లోకి వచ్చిన ఆయుధ వాణిజ్య ఒప్పందం దారి మళ్ళింపును అడ్డుకోమంటుంది గానీ, అడ్డుకోని దేశానికి ఏ శిక్షా పెట్టదు. రష్యా, భారత్ అందులో లేవు. అమెరికా సంతకం చేసి 2019లో వెనక్కి తగ్గింది. చైనా 2020లో చేరింది.

అమ్మిన దేశం కావాలని చూడనట్టు ఊరుకోవడం కూడా ఒక పద్ధతే. భారత్‌లో తయారైన ఫిరంగి గుండ్లు ఐరోపా కొనుగోలుదారుల మీదుగా ఉక్రెయిన్‌కు చేరాయని, రష్యా అభ్యంతరం చెప్పినా ఢిల్లీ ఆపలేదని 2024 సెప్టెంబరులో రాయిటర్స్ రాసింది. ఆ కథనం ఊహాగానమని, తప్పుదోవ పట్టించేదని భారత విదేశాంగ శాఖ కొట్టిపారేసింది. దక్షిణ కొరియాది ఇంకాస్త మర్యాదైన మార్గం. గుండ్లు అమెరికాకే ఇస్తాం, తుది వినియోగదారు అమెరికానే అంటుంది. అవి వచ్చి అమెరికా గోదాములు నిండితే, అమెరికా తన సొంత నిల్వ ఉక్రెయిన్‌కు పంపుకోవచ్చు. జపాన్ 2023 డిసెంబరులో నిబంధనలు సడలించి, లైసెన్సు మీద చేసిన పేట్రియట్ క్షిపణుల్ని అమెరికాకు ఇవ్వడానికి ఒప్పుకున్నదీ ఇలాంటి ఏర్పాటులోనే. కాగితం మీద ఎక్కడా ఏ షరతూ ఉల్లంఘన కాలేదు.

షరతు గట్టిగా పట్టుకున్న దేశానికి ఏమవుతుందో స్విట్జర్లాండ్ అనుభవం చెబుతుంది. ఉక్రెయిన్‌కు జర్మనీ ఇచ్చిన గెపార్డ్ విమాన విధ్వంసక వాహనాలకు 35 మిల్లీమీటర్ల తూటాలు కావాలి. జర్మనీ దగ్గరున్న దాదాపు 12,400 తూటాలు స్విట్జర్లాండ్‌లో తయారైనవి. యుద్ధంలో ఉన్న దేశానికి పోకూడదని స్విస్ ప్రభుత్వం రెండుసార్లు కాదంది. ఓర్లికాన్ పేరుతో ఆ వాహనాల ఫిరంగుల్ని రూపొందించిన స్విస్ సంస్థ యజమాని జర్మనీ కంపెనీ రైన్‌మెటలే. అయినా యాజమాన్యం పనికిరాలేదు, స్విస్ చట్టమే చెల్లింది. రైన్‌మెటల్ చేసిన పని సాదాసీదాది: జర్మనీలోని ఉంటర్‌ల్యూస్‌లో కొత్త లైను పెట్టి, 2023 చివరి నెలలకల్లా తూటాలు పంపడం మొదలుపెట్టింది. ఇటలీలో నిల్వ ఉన్న రువాగ్ వారి 96 పాత లెపర్డ్-1 ట్యాంకుల్ని కూడా అదే ఏడాది జూన్‌లో స్విస్ ప్రభుత్వం ఆపేసింది. తాను పూర్తి యజమాని అయిన కంపెనీ బేరాన్ని తానే చెడగొట్టుకుంది. అమ్మేది, ఆపేది ఒకే చెయ్యి అయినప్పుడు 'కాదు' అనడం అరుదు అన్నదానికి ఇదొక గౌరవప్రదమైన మినహాయింపు. కానీ కొనేవాళ్ళు దీన్ని చదివింది వేరేగా. రేపు అవసరం పడితే స్విస్ సరుకు వాడుకోనివ్వరన్న మాట ఐరోపా రక్షణ శాఖల్లో గట్టిగానే వినిపించింది, చట్టం సడలించాలని స్విస్ ఆయుధ పరిశ్రమ పార్లమెంటు మీద ఒత్తిడి పెంచింది.

ఇప్పుడు సమస్య ఆయుధాల గీత కూడా దాటిపోయింది. బ్రిటన్ పరిశోధన సంస్థ రూసీ 2022లో ఉక్రెయిన్‌లో దొరికిన 27 రష్యా ఆయుధ వ్యవస్థల్ని విప్పి చూస్తే 450కి పైగా విదేశీ ఎలక్ట్రానిక్ భాగాలు కనిపించాయి. ఎక్కువ భాగం అమెరికా కంపెనీల తయారీ. వీటిని చేసినవి ఆయుధ కంపెనీలు కావు, సర్కారువీ కావు. చాలా చిప్‌లకు ఎండ్ యూజర్ సర్టిఫికెట్ అడిగేవాళ్ళే ఉండరు. హోల్‌సేలర్ నుంచి రిటైలర్‌కు, అక్కణ్ణుంచి మూడో దేశపు ట్రేడింగ్ కంపెనీకి వెళ్ళిపోతాయి. ఐరోపా సమాఖ్య 2024 మార్చి 20 నుంచి ఇలాంటి సరుకుల్లో కొన్నిటికి కొత్త నియమం పెట్టింది: ఐరోపా ఎగుమతిదారు తన కొనుగోలుదారుతో చేసే కాంట్రాక్టులోనే 'రష్యాకు మళ్ళీ ఎగుమతి చెయ్యకూడదు' అన్న షరతు రాయించాలి. ఇన్నాళ్ళూ ప్రభుత్వం ప్రభుత్వంతో రాయించుకున్న హామీని ఇప్పుడు ఒక మామూలు వ్యాపారి ఇంకో వ్యాపారితో రాయించుకోవాలి. షరతు తప్పితే ఏం చెయ్యాలో కూడా ఆ కాంట్రాక్టులోనే ఉండాలి. ప్రతి కొనుగోలుదారు గోదాముకూ మనుషుల్ని పంపి చూసే స్తోమత మాత్రం చిప్‌లు అమ్మే ఓ మోస్తరు కంపెనీకి లేదు.